ముదిరిన క్యాన్సర్‌తో బతుకు: న్యూజిలాండ్‌లో వైద్యం, విశ్వాసం

పుట్టిన అవయవాన్ని దాటి కాలేయానికో, ఎముకలకో, ఊపిరితిత్తులకో, మెదడుకో పాకిన క్యాన్సర్‌ను ముదిరిన క్యాన్సర్ అంటారు. వృషణాల క్యాన్సర్ వంటి కొన్నింటిని మినహాయిస్తే, ఈ దశలో జబ్బును సమూలంగా పోగొట్టడం అరుదు. అయినా వైద్యం ఆగదు, దాని గురి మారుతుంది. గడ్డల పెరుగుదలను అదుపులో ఉంచడం, నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించడం, మనిషి తన పనులు తాను చేసుకోగలిగే రోజులను పెంచడం ముఖ్యమవుతాయి. రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లు ఎముకలకు పాకిన తర్వాత కూడా హార్మోన్ మందులతో ఏళ్ల తరబడి బతుకుతున్నవారున్నారు.

న్యూజిలాండ్ జనాభా 50 లక్షల పైచిలుకు. అక్కడ ఏటా 25 వేలకు పైగా క్యాన్సర్ కేసులు కొత్తగా బయటపడుతున్నాయి, దాదాపు 10 వేల మంది మరణిస్తున్నారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ప్రపంచంలో అత్యధికంగా కనిపించేది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోనే. ప్రభుత్వ ఖర్చుతో ఏ మందులు ఇవ్వాలో 1993 నుంచి ఫార్మాక్ అనే సంస్థ నిర్ణయిస్తోంది. ముదిరిన మెలనోమాకు నివొలుమాబ్, పెంబ్రొలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులను ఆ సంస్థ 2016లో జాబితాలో చేర్చింది. అంతకుముందు ఏడాది గడవడమే కష్టమైన రోగుల్లో కొందరు ఈ మందులతో చాలా ఏళ్లు జీవించగలుగుతున్నారు. మిగతా క్యాన్సర్లకు కొత్త మందులు, సకాలంలో చికిత్స అందడం లేదన్న ఆవేదన మాత్రం చాలాకాలం కొనసాగింది. దక్షిణ కొసన ఉన్న సౌత్‌లాండ్ ప్రాంతంలో బ్లెయిర్ వైనింగ్ అనే వ్యక్తికి 2018లో పేగు క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడింది. దేశానికంతటికీ ఒకే క్యాన్సర్ సంస్థ కావాలని ఆయన సేకరించిన సంతకాలు దాదాపు లక్షా యాభై వేలు. 2019 అక్టోబరులో ఆయన మరణించారు. అదే ఏడాది డిసెంబరులో ఆ సంస్థ ఏర్పడింది.

నెలలూ ఏళ్లూ జబ్బుతో కలిసి బతకవలసి వచ్చినప్పుడు మనిషి దేన్ని పట్టుకుని నిలబడతాడన్నది వైద్యం కూడా పట్టించుకోవలసిన ప్రశ్న. చాలామందికి ఆ ఆసరా దైవం. విశ్వాసం గడ్డను కరిగిస్తుందనడానికి ఆధారం లేదు. కానీ రోగి బాధను ఎలా ఓర్చుకుంటాడు, ఏ చికిత్స కోరుకుంటాడు, దేన్ని వద్దంటాడు అన్నవి చాలావరకు దాన్నిబట్టే ఉంటాయి. అందువల్ల అది వైద్యులు అడిగి తెలుసుకోవలసిన సంగతి, రోగి దాచకుండా చెప్పవలసిన సంగతి.

చికిత్స తెచ్చే ఇక్కట్లు

కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్లు కూడా దెబ్బతింటాయి. వీటిలో ప్రాణాపాయం తెచ్చేది మజ్జ దెబ్బతినడం. చాలా మందులకు, ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రక్తపరీక్ష ఫలితం కోసం కూడా వేచి ఉండకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని చూద్దామనుకుంటే జ్వరం అణగిపోయినట్టు కనిపిస్తుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం రక్తంలో పెరుగుతూనే ఉంటుంది.

రెండో ఇక్కట్టు నరాలది. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ వంటి మందులు చేతివేళ్ల, కాలివేళ్ల కొసల్లో తిమ్మిరి తెస్తాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, తాళంచెవి తిప్పడం, జపమాల పూసలు లెక్కపెట్టడం కష్టమవుతాయి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్న కొద్దిరోజుల పాటు చల్లని వస్తువు తాకితే చురుక్కుమంటుంది, చల్లని నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది.

ఇమ్యూనోథెరపీ తీరు వేరు. ఈ మందులు రోగనిరోధక శక్తికి ఉన్న పగ్గాలను సడలిస్తాయి. అదుపు తప్పిన ఆ శక్తి పేగుల మీద పడితే విరేచనాలు, ఊపిరితిత్తుల మీద పడితే దగ్గు, ఆయాసం, థైరాయిడ్ మీద పడితే నిస్త్రాణ వస్తాయి. మందు ఆపిన కొన్ని నెలల తర్వాత కూడా ఇవి తలెత్తవచ్చు. వీటిని అణచడానికి ఇచ్చే స్టెరాయిడ్లు నిద్ర చెడగొడతాయి, చక్కెర పెంచుతాయి, తొడ కండరాల బలం తగ్గిస్తాయి. ఎముకలు విరగకుండా ఇచ్చే జొలెడ్రోనిక్ ఆసిడ్, డెనోసుమాబ్ వాడేవారిలో పన్ను పీకించుకున్న చోట దవడ ఎముక మానకపోవచ్చు. అందుకే ఆ మందులకు ముందే పళ్లు చూపించుకోమంటారు.

జబ్బు తెచ్చే అత్యవసరాలు మరికొన్ని ఉన్నాయి. వెన్నునొప్పితోపాటు కాళ్లు పట్టు తప్పుతుంటే గడ్డ వెన్నుపామును నొక్కుతోందేమో చూడాలి. గంటల వ్యవధిలో స్టెరాయిడ్లు, ఆపైన రేడియేషన్ లేదా శస్త్రచికిత్స అందితే నడక నిలుస్తుంది, పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం అరుదు. విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిభ్రమ కలిసి వస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఉండవచ్చు. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వీటన్నింటికీ చికిత్స ఉంది. ‘జబ్బు ముదిరింది కదా, ఇంతే’ అని ఊరుకోవడం వల్ల నష్టపోయేది మంచి రోజులే.

సన్యాసినుల సేవ నుంచి హాస్పిస్ దాకా

నయం కాని రోగుల సేవ న్యూజిలాండ్‌లో విశ్వాసం నుంచే మొదలైంది. ఫ్రాన్స్ నుంచి 1860లో ఆక్లాండ్ చేరిన సూజాన్ ఓబేర్ అనే క్యాథలిక్ సన్యాసిని అక్కడి మూలవాసులైన మావోరిల భాష నేర్చుకుని, వాంగనుయి నది ఒడ్డున హిరుహారామ గ్రామంలో స్థానిక మూలికలతో మందులు తయారుచేశారు. 1892లో సొంతంగా ఒక సన్యాసినీ సంఘం స్థాపించారు. 1900లో వెల్లింగ్టన్ నగరంలోని బకల్ స్ట్రీట్‌లో, మరెక్కడా చోటు దొరకని నయం కాని రోగుల కోసం ఒక నిలయం తెరిచారు.

నయం కాని రోగులకు ఉపశమన సేవ అందించే ఆధునిక హాస్పిస్‌కు రూపమిచ్చిన సిసిలీ సాండర్స్ కూడా భక్తురాలే. నర్సుగా, సమాజ సేవికగా, చివరికి డాక్టరుగా పనిచేసిన ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. చావుకు దగ్గరైన మనిషి నొప్పిలో ఒంటి నొప్పితోపాటు మనసు దిగులు, ఇంటివారి గురించిన బెంగ, దైవంతో తేలని లెక్క కలిసి ఉంటాయని, అన్నింటికీ ఒకేసారి చికిత్స చేయాలని ఆమె బోధించారు. ఆ ఆలోచన న్యూజిలాండ్‌లో 1979లో నాటుకుంది. వెల్లింగ్టన్‌లో మేరీ పాటర్ హాస్పిస్, పక్కనే ఉన్న లోయర్ హట్‌లో తె ఒమాంగ హాస్పిస్, ఆక్లాండ్‌లో సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్ ఆ ఏడాదే మొదలయ్యాయి. మేరీ పాటర్, సెయింట్ జోసెఫ్స్ రెండూ సన్యాసినీ సంఘాలు పెట్టినవే.

ఇప్పుడు ఈ సేవ ఏ మతంవారికైనా, మతం లేనివారికైనా ఉచితం. ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తుంది, మిగిలింది విరాళాలతో, పాత వస్తువుల దుకాణాల రాబడితో నడుస్తుంది. హాస్పిస్ అనగానే చివరి మంచం గుర్తుకొస్తుంది గానీ, సేవలో ఎక్కువ భాగం రోగి ఇంట్లోనే జరుగుతుంది. మాత్ర మింగలేని రోగికి నర్సు ఇంటికొచ్చి సిరంజి డ్రైవర్ అమర్చుతుంది. అరచేతిలో పట్టే ఆ యంత్రం చర్మం కింద ఉంచిన సన్నని గొట్టం ద్వారా నొప్పి మందును, వాంతి మందును 24 గంటల పాటు నెమ్మదిగా ఎక్కిస్తుంది. మార్ఫిన్ అంటే చివరి మందు అన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. తగిన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ ప్రాణం తీయదు, నొప్పి తగ్గించి మనిషిని లేచి కూర్చోనిస్తుంది. దానితో మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచన మందు మొదటి రోజు నుంచే వాడాలి.

ఈ సేవను ముందే మొదలుపెడితే మేలన్నదానికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలో జెన్నిఫర్ టెమెల్ బృందం ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై చేసిన పరిశోధన 2010లో వెలువడింది. రోగ నిర్ధారణ కాగానే ఉపశమన వైద్యం కూడా అందుకున్నవారిలో దిగులు తగ్గింది, చివరి రోజుల్లో తీవ్రమైన చికిత్సలు తగ్గాయి. అయినా వారి మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు, మిగతావారిది 8.9 నెలలు.

నాలుగు గోడల ఇల్లు

మావోరి మానసిక వైద్యుడు మేసన్ డ్యూరీ 1980ల్లో ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటిగా వర్ణించారు. ‘తె ఫారె తప ఫా’ అనే ఆ నమూనాలో దేహం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగు గోడలు. ఒకటి బీటలు వారితే ఇల్లంతా కుంగుతుంది. న్యూజిలాండ్‌లో వైద్య, నర్సింగ్ విద్యార్థులందరూ ఈ నమూనా చదువుకుంటారు. మావోరిలు క్యాన్సర్‌తో మరణించే అవకాశం మిగతావారి కంటే చాలా ఎక్కువ కావడంతో, వారి నమ్మకాలను ఆసుపత్రిలోకి రానివ్వడం మర్యాదకు మించిన అవసరమైంది.

ఆ తలుపు తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. 1907లో తొహుంగా అణచివేత చట్టం సంప్రదాయ వైద్యులైన తొహుంగాల పనిని నేరం చేసింది. అది 1962 వరకు అమల్లో ఉంది. మధ్యలో, 1918 ఇన్‌ఫ్లుయెంజా మావోరి పల్లెలను తుడిచిపెడుతున్న వేళ, తహుపోతికి విరెము రాతానా ప్రార్థనతో రోగాలు పోగొడతాడన్న పేరు పొందాడు. ఆయన పేరిట వెలసిన చర్చి నేటికీ ఉంది.

నేటి వార్డుల్లో ఆ మార్పు చిన్న చిన్న పనుల్లో కనిపిస్తుంది. మావోరిలకు తల పవిత్రం. అందుకే తల కింద పెట్టే దిండును కాళ్లకు వాడరు. భోజనం పెట్టే బల్లపైనా ఎవరూ కూర్చోరు. శస్త్రచికిత్సకు ముందు కరాకియా అనే ప్రార్థనకు సమయం ఇస్తారు. తొలగించిన అవయవ భాగాన్ని కుటుంబం కోరితే తిరిగి ఇస్తారు, వారు దాన్ని సొంత నేలలో పూడ్చుకుంటారు.

ఈ మర్యాద అందరికీ హక్కే. 1996 నుంచి అమల్లో ఉన్న రోగుల హక్కుల నియమావళి ప్రకారం వైద్యసేవలు రోగి సంస్కృతిని, మతాన్ని, విలువలను లెక్కలోకి తీసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాప్లిన్లు ఉంటారు. మతం మార్చడం వారి పని కాదు. రోగి మాట వింటారు, కోరితే ప్రార్థిస్తారు, పూజారినో ఇమామ్‌నో గ్రంథీనో పిలిపించడానికి సాయం చేస్తారు. 2023 జనగణనలో దేశ ప్రజల్లో సగానికి పైగా మతం లేదన్నారు, దాదాపు మూడో వంతు క్రైస్తవులు, దాదాపు 3 శాతం హిందువులు. మతం లేనివారికి కూడా ఆత్మ అనే ఆ నాలుగో గోడ ఉంటుంది. వారికి అది పుట్టిన నేల, సముద్రం, కన్నబిడ్డలు, చేసిన పనికి ఉన్న అర్థం.

పరిశోధనలు తేల్చినవి

ప్రార్థన ఫలాన్ని కొలవడానికి జరిగిన ప్రయత్నాల్లో పెద్దది 2006లో అమెరికాలో వెలువడింది. గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందిలో కొందరి కోసం అపరిచితులు ప్రార్థించారు, కొందరి కోసం ప్రార్థించలేదు. చిక్కుల్లో తేడా రాలేదు. పైగా తమ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసిన గుంపులో 59 శాతం మందికి చిక్కులు వచ్చాయి. ప్రార్థన అందుకుంటూ ఆ సంగతి ఖాయంగా తెలియనివారిలో అది 52 శాతం. ఎదుటివారి ప్రార్థన మందులా పనిచేస్తుందని దీన్నిబట్టి చెప్పలేం.

రోగి సొంత విశ్వాసం సంగతి వేరు. తీవ్రవ్యాధులున్నవారిని, ఆత్మీయులను పోగొట్టుకున్న కుటుంబ సభ్యులను, వైద్యులను 2000లో కరెన్ స్టైన్‌హౌసర్ బృందం మంచి మరణమంటే ఏమిటని అడిగింది. నొప్పి లేకపోవడంతో దాదాపు సమానంగా రోగులు కోరుకున్నది దేవుడితో సమాధానంగా ఉండడం. వైద్యులు దానికి అంత విలువ ఇవ్వలేదు. రోగులు కోరేదానికీ వైద్యులు ఊహించేదానికీ మధ్య దూరం ఆ అధ్యయనంలో బయటపడింది.

విశ్వాసం అన్నివేళలా ఊరటే ఇవ్వదు. మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ దాన్ని రెండు తీరులుగా విడదీశారు. దేవుడు తోడున్నాడనుకుని బలం తెచ్చుకోవడం ఒకటి, దేవుడు శిక్షిస్తున్నాడనో వదిలేశాడనో కుమిలిపోవడం రెండోది. ఆసుపత్రిలో చేరిన 596 మంది పెద్దవయసువారిని ఆయన బృందం రెండేళ్లు గమనిస్తే, రెండో తీరు కుమిలింపు ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అన్న మాట మన ఇళ్లలో అలవాటుగా దొర్లుతుంది. మంచంలో ఉన్న మనిషి దాన్ని తీర్పుగా వింటాడు. ఆ మాట అనకుండా ఉండడం కూడా శుశ్రూషే.

మరో అధ్యయనం 2009లో వచ్చింది. ముదిరిన క్యాన్సర్ ఉన్న 345 మందిలో విశ్వాసంపై ఎక్కువగా ఆనుకున్నవారే చివరి వారంలో వెంటిలేటర్ వంటి తీవ్ర చికిత్సలు ఎక్కువగా పొందారు. అద్భుతం జరగడానికి దేవుడికి సమయం ఇవ్వాలన్న భావన దీని వెనక ఉండవచ్చు. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేస్తే రోగి నోరు మూసుకుంటాడు. ‘అద్భుతం జరగాలనే అందరూ కోరుకుందాం, జరగకపోతే మీకు ఏది ముఖ్యం?’ అని డాక్టరు అడిగితే మాట సాగుతుంది. అమెరికన్ వైద్యురాలు క్రిస్టీనా పుచాల్‌స్కీ 1996లో రూపొందించిన ప్రశ్నలు ఇందుకే: దేన్ని నమ్ముతారు, అది మీకు ఎంత ముఖ్యం, ఏ సమూహం మీకు అండగా ఉంది, ఈ విషయంలో మేం ఏం చేయాలి.

పూజగది, ప్రార్థన, మందుల పెట్టె

న్యూజిలాండ్‌లో తెలుగువారు ఎక్కువగా ఆక్లాండ్‌లో స్థిరపడ్డారు. పూజ, మొక్కు, ఉపవాస ప్రార్థన, నమాజు ఏవైనా చికిత్సతో కలిసి సాగగలవు. ఎక్కడ సర్దుబాటు అవసరమో తెలిస్తే చాలు.

మొదటిది ఉపవాసం. పేగు, రొమ్ము క్యాన్సర్లకు వాడే కాపెసిటాబిన్ మాత్రలు రోజుకు రెండుసార్లు, తిన్న అరగంట లోపు వేసుకోవాలి. సిస్‌ప్లాటిన్ ఎక్కించుకున్నవారు నీళ్లు బాగా తాగకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏకాదశి అయినా, ఉపవాస ప్రార్థన అయినా ఆ రోజుల్లో మానాలి. రంజాన్ ఉపవాసం నుంచి రోగులకు మినహాయింపు ఇస్లాంలోనే ఉంది. కార్తీక స్నానం చన్నీళ్లతో చేయాలనుకునేవారు ఆక్సాలిప్లాటిన్ రోజుల్లో వేడినీళ్లే వాడాలి. ఫెంటానిల్ ప్యాచ్ అంటించుకున్నవారికి మాత్రం బాగా వేడి నీళ్లు, వేడి కాపడం ప్రమాదం. వేడికి మందు ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది.

తలనీలాల మొక్కు ఉన్నవారు ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు మంగలికత్తికి బదులు ట్రిమ్మర్ వాడాలి. చిన్న గాటు కూడా ఆగని రక్తస్రావానికో ఇన్‌ఫెక్షన్‌కో దారితీయవచ్చు. పాదాలు తిమ్మిరెక్కినవారు ఉత్త కాళ్లతో ప్రదక్షిణ చేస్తే గాయమైనా తెలియదు, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. కణాలు పడిపోయిన రోజుల్లో గుడి రద్దీ, కాచని పాలతో చేసిన పంచామృతం, చర్చిలో అందరూ తాగే ఒకే గిన్నె తప్పించుకోవాలి.

అన్నింటికన్నా జాగ్రత్త పడవలసింది నిప్పుతో. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్న రోగి దగ్గర దీపం, అగరొత్తి, కర్పూర హారతి వెలిగించకూడదు. ఆక్సిజన్ పీల్చుకున్న దుప్పటి, బట్టలు చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటాయి. బ్యాటరీ దీపం పెట్టినా, దీపారాధన మరో గదిలో చేసి ఆశీస్సు తెచ్చినా భక్తికి లోటు రాదు.

ఇంటి నుంచి పంపించే మూలికల పొడులు, గాఢత పెంచిన పసుపు మాత్రలు, అశ్వగంధ డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. వీటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలున్నాయి. కూరలో వేసే పసుపుతో ఆ చిక్కు లేదు. దైవం మీద భారం వేశామని చికిత్సను పూర్తిగా మానేసే ముందు, ఆ చికిత్స ఎంత మేలు చేస్తుందో, ఎంత బాధ పెడుతుందో డాక్టరుతో విడమరిచి మాట్లాడాలి.

చెప్పడం, నిర్ణయించడం

పెద్దవాళ్లకు క్యాన్సర్ అని చెప్పొద్దని పిల్లలు డాక్టరును బతిమాలడం తెలుగు కుటుంబాల్లో పరిపాటి. న్యూజిలాండ్ నియమావళి ప్రకారం తన జబ్బు గురించి పూర్తిగా తెలుసుకునే హక్కు, చికిత్స వద్దనే హక్కు రోగివే. అందుకని డాక్టర్లు ‘మీకు ఎంతవరకు చెప్పమంటారు? ఎవరితో మాట్లాడమంటారు?’ అని రోగినే అడుగుతారు. ‘మా అబ్బాయితో మాట్లాడండి’ అంటే అదీ ఆ మనిషి నిర్ణయమే. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రుల కోసం దుబాసీని కోరవచ్చు. కొడుకో కోడలో అనువదిస్తే చేదు మాటలు మధ్యలోనే జారిపోతాయి.

స్పృహ తప్పితే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున నిర్ణయించే వ్యక్తిని చట్టబద్ధంగా నియమించుకోవచ్చు. చివరి ఘడియల్లో ఏ స్తోత్రం వినిపించాలి, తులసి తీర్థం ఎవరు పోయాలి, పాస్టరుగారికి ఎప్పుడు కబురు పెట్టాలి అన్నవి కూడా ఆ కాగితంలో రాయదగినవే. 2020 అక్టోబరు ప్రజాభిప్రాయ సేకరణలో 65 శాతం ఓటర్లు సమ్మతించడంతో 2021 నవంబరు 7 నుంచి అక్కడ వైద్యసహాయంతో మరణించడం చట్టబద్ధమైంది. 18 ఏళ్లు నిండి, ఆరు నెలల్లోపు మరణం తప్పదనదగిన జబ్బు ఉండి, ఇతర షరతులన్నీ తీరినవారే కోరవచ్చు. ఆ ప్రస్తావనను వైద్య సిబ్బంది తమంతట తాము తేకూడదు, మనస్సాక్షి ఒప్పని డాక్టర్లు తప్పుకోవచ్చు.

చివరి రోజులు

చివరి దశలో నిద్ర పెరుగుతుంది, ఆకలి, దాహం తగ్గుతాయి, శ్వాస లయ మారుతుంది. ఆకలి తగ్గడం శరీరం మూతపడుతున్న క్రమంలో భాగం. తినిపించలేకపోయామని ఇంటివారు కుంగిపోనక్కర్లేదు. పెదవులు తడపడం, పక్క మార్చడం, చేయి పట్టుకోవడం అప్పటి సేవ. గొంతులో గురక వినేవారికి భయం గొలిపినా, అప్పటికి రోగికి దాని బాధ తెలియదని వైద్యుల అభిప్రాయం. వినికిడి చివరిదాకా మిగులుతుందన్న భావనతో పేరు పెట్టి పిలవడం, ప్రార్థన చదవడం కొనసాగిస్తారు.

మరణానంతరం దేహాన్ని ఒంటరిగా వదలకపోవడం మావోరి, హిందూ కుటుంబాలు రెండింటికీ ఆచారమే, హాస్పిస్ సిబ్బంది అందుకు వీలు కల్పిస్తారు. చితాభస్మాన్ని నీటిలో కలపాలనుకునేవారు ముందుగా స్థానిక మండలిని అడగాలి. చేపలు పట్టుకునే, ఆహారం సేకరించే నీటిలో చితాభస్మం కలపడం మావోరిలకు తీవ్ర అపచారం. వారిని సంప్రదించి చోటు ఎంచుకుంటే ఒకరి విశ్వాసం మరొకరి విశ్వాసానికి అడ్డు రాదు. ఆ తర్వాత కూడా హాస్పిస్ తన పని ముగిసిందనుకోదు. దుఃఖంలో ఉన్న కుటుంబంతో నెలల తరబడి మాట్లాడుతూ ఉండడం కూడా దాని సేవలో భాగం.